రిజిస్టరులో లేని పేర్లు

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు వస్తుంది. చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఉన్న ఊరుగా దాన్ని అందరూ ఎరుగుదురు. దాని పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థనా మందిరం ఒకటి ఉందన్న సంగతి మాత్రం మన జిల్లా వారిలోనే చాలామందికి తెలియదు. మాదిగ కుటుంబాలలో పుట్టి, క్రైస్తవులుగా పెరిగి, గత శతాబ్దం చివరి దశకాలలో తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయీము సంతతి వారమని ప్రకటించుకున్న కొద్ది కుటుంబాలు అక్కడ ఉన్నాయి. వారు శనివారం విశ్రాంతిదినం పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటారు, తమను బెనె ఎఫ్రాయీము అని పిలుచుకుంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీరిని గురించి రాసిన గ్రంథం 2013లో వెలువడింది.

ఇంత చిన్న సమాజానికి పిల్లల పెళ్ళిళ్ళు ఎంత పెద్ద చింతో వేరే చెప్పనక్కరలేదు. సంఖ్యలో మనం వారికంటే చాలా ఎక్కువే అయినా, ఆ చింత మనకూ కొత్తది కాదు. వారు పవిత్రంగా భావించే గ్రంథంలో ఎజ్రా అనే పెద్దమనిషి కథ ఉంది. ఇరవై నాలుగు శతాబ్దాలకు పూర్వం యెరూషలేములో ఇతర జాతుల స్త్రీలతో జరిగిన వివాహాలు పెద్ద సంక్షోభంగా మారినప్పుడు ఆ సమాజం ఏంచేసిందో చెప్పే కథ అది. దాన్ని నేను తీరికవేళ వినోదం కోసం చదవలేదు. మా మహల్లాలో జరిగిన ఒక వ్యవహారం నన్ను దాని దగ్గరికి తీసుకుపోయింది.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పుడు పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డుల దిద్దుబాట్లు, మసీదు కమిటీ లెక్కలు చూస్తూ ఉంటాను. నిరుడు వేసవిలో ఒక మధ్యాహ్నం పాతికేళ్ళ అమ్మాయి చంకలో బిడ్డతో మా ఇంటికి వచ్చింది. "చాచా, నాకు నికాహ్ అయినట్టు ఒక కాగితం ఇప్పించండి" అని అడిగింది. ఆమె పుట్టుకతో ముస్లిం కాదు. మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో పనిచేస్తున్నప్పుడు అక్కడికి సరుకు తోలే మన కుర్రవాడితో పరిచయమైంది. కలిమా చదివింది. ఒక సాయంత్రం ఇద్దరు సాక్షుల ముందు హడావిడిగా నికాహ్ జరిగింది. మూడేళ్ళు గడిచాక ఆ కుర్రవాడు పెద్దల ఒత్తిడికి లొంగి, కట్నం తెచ్చే బంధువుల పిల్లను చేసుకొని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఈమెకు పుట్టింటి తలుపు మూసుకుపోయింది, అత్తింటి తలుపు తెరుచుకోలేదు. కమిటీ వారి నికాహ్ రిజిస్టరు తెప్పించి నెలల తరబడి పేజీలు తిరగేశాను. ఆమె పేరు ఎక్కడా లేదు. మహర్ ఎంత రాశారని అడిగితే సాక్షులిద్దరికీ గుర్తులేదు.

అంతకు ఏడాది ముందు మన పిల్ల ఒకతె వేరే మతం యువకుణ్ణి పెళ్ళాడి వెళ్ళిపోయింది. అప్పుడు అదే కమిటీ ఇషా నమాజు తర్వాత కూర్చొని అర్ధరాత్రి దాటేదాకా చర్చించింది. ఆ ఇంటితో సలాం కలాం బంద్ అని తీర్మానించింది. ఆ తీర్మానం కింద ఉన్న సంతకాలలో నాదీ ఒకటి. ఈ రెండో అమ్మాయి విషయంలో మాత్రం సమావేశం పెట్టాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

యెరూషలేములో జరిగినది

బబులోను సేనలు యెరూషలేమును నేలమట్టం చేసి ప్రజలను చెరపట్టి తీసుకుపోయాయి. పర్షియా చక్రవర్తి కోరెషు బబులోనును జయించిన తరువాత, క్రీ.పూ. 538 ప్రాంతంలో వారికి తిరిగివచ్చే అనుమతి దొరికింది. వచ్చిన వారు కొద్దిమంది. రాజ్యం లేదు, చుట్టూ ఇతర జాతులు, తలపైన పరాయి చక్రవర్తి. అర్తహషస్త రాజు ఏలుబడి ఏడవ ఏట, అంటే సంప్రదాయ గణన ప్రకారం క్రీ.పూ. 458లో, ఎజ్రా అక్కడికి వచ్చాడు. ఆయన యాజకుడు, అంతకు మించి లేఖకుడు. తెలుగు బైబిలు ఆయనను శాస్త్రి అంటుంది. మన ఖుర్ఆన్ తొమ్మిదవ సూరాలో ప్రస్తావనకు వచ్చే ఉజైర్ ఈయనేనని వ్యాఖ్యాతలలో చాలామంది అభిప్రాయం. కలం పట్టి బతికిన వాణ్ణి గనుక నాకు ఆయనపై కొంత బంధుభావం కూడా కలిగింది.

యాజకులతో సహా అనేకులు అన్యజాతి స్త్రీలను పెళ్ళాడారని తెలిసి ఎజ్రా పైవస్త్రం చింపుకొని, తల వెంట్రుకలు, గడ్డం పీక్కొని, సాయంకాల బలి వేళ దాకా నిశ్చేష్టుడై కూర్చున్నాడు. ఆయన ఏడుస్తూ ప్రార్థిస్తుంటే పురుషులు, స్త్రీలు, పిల్లలు గుంపుగా చేరి తామూ ఏడ్చారు. అప్పుడు షెకన్యా అనే వ్యక్తి లేచి, ఆ భార్యలనూ వారికి పుట్టిన పిల్లలనూ పంపివేద్దామని ప్రతిపాదించాడు. మూడు రోజులలో అందరూ యెరూషలేముకు రావాలని, రానివారి ఆస్తి జప్తు చేసి వారిని సమాజం నుంచి వెలివేస్తామని చాటింపు వేయించారు. తొమ్మిదవ నెల ఇరవయ్యవ తేదీన జనం మందిరం ముందటి వీధిలో కూర్చున్నారు. ఎడతెగని వాన. భయంతోనూ తడిసిన చలితోనూ వారు వణుకుతున్నారని గ్రంథం చెబుతుంది. అది వానల కాలం, ఒకటి రెండు రోజులలో తెమిలే పని కాదు, ఊరి ఊరి పెద్దలతో విచారణ జరపండి అని వారు వేడుకున్నారు. యోనాతాను, యహజ్యా అనే ఇద్దరు ఈ నిర్ణయానికి ఎదురు నిలిచారని నేటి అనువాదాలు ఎక్కువగా చెబుతున్నాయి. అంత సభలో ఇద్దరు లేచి నిలబడ్డారు, వారికి మరో ఇద్దరు తోడయ్యారు. విచారణ పదవ నెల మొదటి తేదీన మొదలై మొదటి నెల మొదటి తేదీకి ముగిసింది. మూడు నెలలు పట్టింది.

ఆ అధ్యాయం చివర ఒక పట్టిక ఉంది. ఎవరెవరు అన్యస్త్రీలను పెళ్ళాడారో వంశాల వారీగా పేర్లు. మొదట పదిహేడు మంది యాజకులు, తరువాత లేవీయులు, గాయకులు, ద్వారపాలకులు, సామాన్యులు, అంతా కలిపి వందకు పైగా. శాఖలో పనిచేసిన అలవాటు కొద్దీ ఆ పట్టికను ఒక్కొక్క పేరుగా లెక్కపెట్టాను. అందులో ఒక్క స్త్రీ పేరు లేదు. ఒక్క బిడ్డ పేరు లేదు. వారిలో కొందరికి పిల్లలు కూడా ఉన్నారన్న ఒక్క మాటతో అధ్యాయం ఆగిపోతుంది. ఆ స్త్రీలు ఏ దారిన వెళ్ళారు, ఎవరు చేరదీశారు, చంటిపిల్లలకు పాలెవరు పోశారు, ఎవరూ రాసిపెట్టలేదు. మూడు నెలల విచారణ జరిపిన లేఖకులు ఆ గడి ఖాళీగా వదిలేశారు.

ఆ సమాజాన్ని తప్పుపట్టడం నాకు తేలిక. కాని వారి భయం నాకు అర్థమవుతుంది. ముప్పేట ఒత్తిడిలో ఉన్న అల్పసంఖ్యాకుల భయం అది. రేపటి తరం మన భాష మాట్లాడుతుందా, మన దైవాన్ని ఆరాధిస్తుందా అనే భయం. ఎజ్రా తరువాత గవర్నరుగా వచ్చిన నెహెమ్యా కూడా, అష్డోదు మొదలైన జాతుల స్త్రీలను పెళ్ళాడిన వారి పిల్లలకు యూదుల భాష రావడం లేదని మండిపడ్డాడు, తిట్టాడు, కొందరిని కొట్టాడు, వెంట్రుకలు పీకాడు. అయితే ఇకపై అటువంటి సంబంధాలు చేసుకోమని ప్రమాణం చేయించడంతో ఆయన ఆగాడు. ఇళ్ళలో ఉన్న స్త్రీలను మూకుమ్మడిగా పంపివేయించినట్టు ఆయన వృత్తాంతంలో కనబడదు.

అదే జాతి, మరో తీరు

దాదాపు అదే కాలంలో ఈజిప్టులో, నైలు నదిలోని ఎలిఫంటైన్ అనే దీవిలో పర్షియా కొలువు చేసే యూదు సైనికుల కాలనీ ఒకటి ఉండేది. వారి దస్తావేజులు అరమాయిక భాషలో పపైరస్ కాగితాలపై నేటికీ నిలిచి ఉన్నాయి. క్రీ.పూ. 449లో అనన్యా అనే దేవాలయ సేవకుడు తమూత్ అనే ఈజిప్టు దాసిని పెళ్ళాడాడు. ఆ పెళ్ళి ఒప్పందంలో ఆమె వెంట తెచ్చుకున్న వస్త్రం, అద్దం వంటి చిన్న వస్తువులు కూడా వెల కట్టి రాశారు. విడిపోవాలని ఆమె కోరినా, అతను కోరినా, ఎవరు ఏమి చెల్లించాలో రాశారు. పదిహేనేళ్ళ తరువాత అతను ఇంట్లో కొంత భాగం ఆమె పేర దస్తావేజు చేశాడు. ఇరవై రెండేళ్ళ తరువాత ఆమెకూ ఆమె కూతురికీ దాస్యవిముక్తి పత్రం వచ్చింది. ఆమె బీద స్త్రీ, దాసి, పరజాతి. అయినా ఆమె పేరు ఇరవై నాలుగు శతాబ్దాల తరువాత మనకు తెలుసు. కారణం, ఎవరో ఒక గుమాస్తా దాన్ని రాసిపెట్టాడు.

ఎజ్రా గ్రంథం ఉన్న ఆ గ్రంథ సముదాయంలోనే రూతు కథ కూడా ఉంది. ఆమె మోయాబు స్త్రీ, వితంతువు. బోయజు ఆమెను రహస్యంగా చేసుకోలేదు. ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి సాక్ష్యంతో చేసుకున్నాడు. మనం దావూద్ (అలై) అని గౌరవించే ప్రవక్తకు ఆమె ముత్తవ్వ. ఒకే సమాజం రెండు జ్ఞాపకాలనూ దాచుకుంది. ఏది మనకు పాఠమో ఎంచుకోవలసిన బాధ్యత చదివేవారిది.

మన ధర్మం చూపిన మేర

ముస్లిం స్త్రీ, పురుషులు ఎవరిని వివాహమాడవచ్చు, ఎవరిని ఆడరాదు అనే హద్దులు మన ధర్మంలో స్పష్టంగా ఉన్నాయి. వాటిని సడలించమని నేను ఈ వ్యాసంలో కోరడం లేదు. హద్దు దాటిన చోట ఎలా ప్రవర్తించాలో కూడా అదే ధర్మం చెప్పిందన్న విషయాన్ని గుర్తుచేస్తున్నాను.

హుదైబియా ఒప్పందం తరువాత మక్కా నుంచి విశ్వసించిన స్త్రీలు మదీనాకు వలస వచ్చారు. అవిశ్వాసులైన భర్తలతో వారి బంధం తెగింది. ఆ సందర్భంలో అవతరించిన సూరా ముమ్తహినా వాక్యాలను గమనించండి. ఆ భర్తలు ఖర్చుపెట్టిన మహర్ వారికి తిరిగి ఇచ్చివేయాలి. మన వైపు వారు ఖర్చుపెట్టినది మనం అడగవచ్చు. ఎవరి భార్య అయినా అటు వెళ్ళిపోతే, ఆ భర్త నష్టాన్ని సమాజం పూడ్చాలి. యుద్ధ వాతావరణంలో, శత్రువు విషయంలో కూడా, బంధం తెగిన చోట లెక్క తేల్చమని ఆజ్ఞ. ఎజ్రా పట్టికలో ఖాళీగా ఉండిపోయిన గడి ఇదే.

ప్రవక్త (సఅసం) కుమార్తె జైనబ్ (రజి) భర్త అబుల్ ఆస్ చాలాకాలం ఇస్లాం స్వీకరించలేదు. ఇద్దరూ ఏళ్ళ తరబడి వేరుగా ఉన్నారు. ఒకసారి అతను ప్రమాదంలో చిక్కి రాత్రివేళ మదీనా చేరితే, జైనబ్ (రజి) అతనికి ఆశ్రయం ఇచ్చానని మసీదులో బహిరంగంగా ప్రకటించారు. ప్రవక్త (సఅసం) ఆ ఆశ్రయాన్ని నిలబెట్టారు. చివరకు అతను విశ్వసించి వచ్చాడు. మధ్యలో ఎవరూ తలుపు శాశ్వతంగా మూయలేదు గనుకనే ఆ రాక సాధ్యమైంది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో హుజైఫా (రజి) ఒక యూదు స్త్రీని పెళ్ళాడితే ఖలీఫా అభ్యంతరం చెప్పారని తఫ్సీర్ గ్రంథాలలో ఉంది. ఇది నిషిద్ధమా అని హుజైఫా అడిగితే, నిషిద్ధం అనను అని జవాబు. ఈ వాడుక పెరిగితే మన ఆడపిల్లల గతి ఏమిటన్నది ఆయన చింత అని పండితులు వివరిస్తారు. అందువల్ల హద్దును గురించి మాట్లాడేటప్పుడు కూడా మొదట గుర్తుకు రావలసింది ఆడపిల్లల గతి.

మన ఇంట్లోని గోడలు

ఇక మన వైపు చూసుకుందాం. పల్నాడు నుంచి మార్కాపురం దాకా, చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా, పత్తి చేలలో, జిన్నింగ్ మిల్లులలో, కోల్డ్ స్టోరేజీలలో, మిర్చి యార్డులో అన్ని మతాల పిల్లలూ పక్కపక్కన పనిచేస్తున్నారు. కాలేజీలలో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. పరిచయాలు కలుగుతాయి. వాటికి భయపడి ఆడపిల్లల చదువు మాన్పించడం కాలికి ముల్లు గుచ్చుకుంటే కాలే తీసేసుకున్నట్టు.

మన పిల్లలు బయటికి ఎందుకు చూస్తున్నారని గుండెలు బాదుకునే ముందు, లోపల మనం కట్టిన గోడలు చూడాలి. ఈ పత్తి నేలలో పత్తి ఏకి బతికిన దూదేకుల, నూర్‌బాషా సోదరులు ఉన్నారు. ఒకే కలిమా, ఒకే ఖిబ్లా. అయినా వారి ఇంటి పిల్లను తెచ్చుకోవడానికి, వారికి పిల్లనివ్వడానికి షేక్, సయ్యద్ కుటుంబాలలో ఎందరు సిద్ధం? వారికి ఉర్దూ రాదని, ఇంట్లో తెలుగు మాట్లాడతారని, పేర్లు తెలుగు పేర్లలా ఉంటాయని వెనకాల నవ్వేవారిని నేను చూశాను. నెహెమ్యా పరజాతి తల్లుల బిడ్డల భాషను ఎత్తిచూపాడు. మనం సొంత సోదరుల భాషను ఎత్తిచూపుతున్నాం. ఆ మాట తెలుగు పత్రికలో తెలుగులో రాసుకుంటున్నాం కూడా.

రెండవ గోడ కట్నం. వరుడు ఇవ్వవలసిన మహర్ కాగితం మీద నామమాత్రంగా మిగిలింది. వధువు తండ్రి ఇచ్చే కట్నం మాత్రం మిర్చి ధరతో పాటు పెరుగుతుంది, ధర పడిపోయిన ఏడాది తగ్గదు. 1961 నుంచి నిషేధ చట్టం ఉంది, అంతకు పదమూడు శతాబ్దాల ముందు నుంచి మహర్ ఆజ్ఞ ఉంది. ముప్పై దాటినా సంబంధం కుదరని పిల్లలు మన మహల్లాలలో ఉన్నారు. ఆ ఇళ్ళ కోసం ఏ కమిటీ అర్ధరాత్రి దాకా కూర్చుంది?

ఈ గోడల మధ్య పెరిగిన కోపం ఎంత దూరం పోతుందో 2022 మే 4న హైదరాబాదు సరూర్‌నగర్‌లో చూశాం. మన ఇంటి పిల్లను ఇష్టపడి పెళ్ళాడిన దళిత యువకుణ్ణి నడివీధిలో, ఆమె కళ్ళ ముందే కొట్టి చంపారు. ఆ కేసులో నిందితుడు ఆమె సోదరుడే. మనదేశ రాజ్యాంగం ప్రకారమూ ఇస్లాం ప్రకారమూ ఇది ఘోర నేరమని అసదుద్దీన్ ఒవైసీ బహిరంగంగా ఖండించారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో అగ్రవర్ణ తండ్రి కిరాయి హంతకుడితో దళిత అల్లుణ్ణి చంపించాడన్న వార్త వచ్చినప్పుడు కులోన్మాదమని మనమంతా ఖండించాం. మన ఇంటి వంతు వచ్చినప్పుడు గొంతు తగ్గించకూడదు. మనపై కొన్ని రాష్ట్రాలలో మతాంతర వివాహాల పేరిట చట్టాలు చేస్తుంటే, పెళ్ళి వ్యక్తి స్వేచ్ఛ అని మనం వాదిస్తున్నాం. 2018లో హాదియా కేసులో సుప్రీంకోర్టు ఆ స్వేచ్ఛను నిలబెట్టినప్పుడు సంతోషించాం. ఆ సూత్రం మన అబ్బాయికి ఒకలా, మన అమ్మాయికి మరొకలా వర్తించదు.

కమిటీలు చేయదగిన పనులు

మసీదు కమిటీలకు నా విన్నపాలు కొన్నే. మొదటిది, ప్రతి నికాహ్‌కూ నికాహ్‌నామా ఉండాలి. వధువు పేరు, మహర్ మొత్తం, అది చెల్లించారా బాకీ ఉందా అన్నది, సాక్షుల సంతకాలతో రాయాలి. ఒక ప్రతి వధువు చేతికి ఇవ్వాలి. 2002 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం వివాహ నమోదు తప్పనిసరి, దాన్నీ చేయించాలి.

రెండవది, వేరే మతం నుంచి వచ్చిన అమ్మాయికి ఒక్క సాయంత్రంలో కలిమా, నికాహ్ రెండూ జరిపించే పద్ధతి మానాలి. ఆమెతో మన స్త్రీలు తీరికగా మాట్లాడాలి. మతం మారకుండానే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసుతో పెళ్ళి చేసుకునే మార్గం దేశంలో ఉందని ఆమెకు తెలియాలి. తెలిసి, ఇష్టపడి వచ్చిన విశ్వాసమే విశ్వాసం. ఆమెకు పుట్టిల్లు ఉండదు గనుక మహర్ నిజమైన మొత్తంగా ఉండాలి.

మూడవది, వదిలివేసిన భర్తను కమిటీ ముందు నిలబెట్టాలి. అతను రాకపోతే ఆమె వెంట కోర్టుకు వెళ్ళాలి. భార్యాబిడ్డల పోషణ కోరే హక్కు నేటి నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనులో ఉంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా పాత 125వ సెక్షను కింద భరణం కోరవచ్చునని 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

నాలుగవది, పిల్ల బయటి పెళ్ళి చేసుకున్న ఇంటిని వెలివేయరాదు. పెళ్ళి జోలికి వెళ్ళి జంటలను శిక్షించే అధికారం ఏ పంచాయతీకీ లేదని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ తల్లికి పండుగనాడు ఒక సలాం లేకుండా చేసి మనం ఏ ధర్మాన్ని కాపాడాం? రేపు ఆ పిల్లకు కష్టం వస్తే తిరిగి చేరడానికి మిగిలిన ఒక్క గడపను మనమే కూలుస్తున్నాం.

మా కమిటీ మినిట్సు పుస్తకంలో ఆ వెలి తీర్మానం, దాని కింద నా సంతకం ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చే నెల సమావేశంలో దాన్ని రద్దు చేయాలని రాతపూర్వకంగా ప్రతిపాదిస్తున్నాను. ఒప్పుకోనివారు ఉంటారని తెలుసు. ఆ వానలో ఎజ్రా సభలోనూ ఎదురు మాట చెప్పినవారు కొద్దిమందే. అదే రోజు మరో పని కూడా చేయాలి. మొన్న నా దగ్గరికి వచ్చిన అమ్మాయి నికాహ్ సాక్షులిద్దరూ మా ఊళ్ళోనే ఉన్నారు. వారి వాంగ్మూలం తీసుకొని, ఆమె పేరు, ఆమె బిడ్డ పేరు మా రిజిస్టరులో ఎక్కించాలి. ఆలస్యంగానైనా సరే. కాగితం కోసం ఆమె ఇప్పటికి నాలుగుసార్లు మా ఇంటి మెట్లెక్కింది.